క్యూసీ ఉద్యోగానికి కవర్ లెటర్: మధ్యలో గ్యాప్ వచ్చినవాళ్లు ఏం రాయాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకూ ఉపయోగపడుతుంది. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చేశారు. పైడిభీమవరం వైపు ఒక బల్క్ డ్రగ్ (మందులోని అసలు రసాయనం, ఏపీఐ అనీ అంటారు) కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షల విభాగంలో, మూడేళ్లు పనిచేశారు. పాప పుట్టాక మానేశారు, ఏడాదిన్నర గ్యాప్ వచ్చింది. ఇప్పుడు కుటుంబం హైదరాబాద్‌కు మారింది. ఫార్ములేషన్ (టాబ్లెట్లు, క్యాప్సూల్స్ లాంటివి తయారుచేసే) కంపెనీల్లో క్యూసీ పోస్టులకు అప్లై చేస్తున్నారు కానీ ఒక్క కాల్ కూడా రావడం లేదు. కవర్ లెటర్‌లో గ్యాప్ సంగతి రాయాలా వద్దా, టాబ్లెట్ల మీద పనిచేయలేదన్నది దాచాలా, చాట్‌జీపీటీతో రాయించుకుంటే సరిపోతుందా అని అడిగారు.

నేను క్యూసీ ల్యాబ్‌లో ట్రైనీగా మొదలుపెట్టి, తర్వాత ల్యాబ్ బాధ్యతలు చూస్తూ, చాలా ఏళ్లుగా ఇంటర్వ్యూ ప్యానెల్స్‌లో కూర్చుంటున్నాను. కాబట్టి లెటర్ చదివే మనిషి ఏం ఆలోచిస్తాడో చెప్పగలను. మీరు రాయాల్సింది కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

రెజ్యూమె చూడగానే మాకు ఏదో ఒక అనుమానం వస్తుంది. కవర్ లెటర్ ఉన్నది ఆ అనుమానానికి జవాబు చెప్పడానికే. రెజ్యూమెలో ఉన్నదాన్నే మళ్లీ వాక్యాలుగా మార్చి రాస్తే చదివేవాళ్ల టైమ్ వృథా. మీ రెజ్యూమె నా టేబుల్ మీదకు వస్తే నాకు వచ్చే అనుమానాలు మూడు. ఏడాదిన్నర బెంచ్ మీద లేరు, ఇన్‌స్ట్రుమెంట్స్ మీద చేయి తప్పిందా? డిసల్యూషన్ (టాబ్లెట్ నుంచి మందు ఎంత కరిగి బయటికి వస్తుందో చూసే పరీక్ష) ఎప్పుడూ చేయలేదు, ఎంత కాలం నేర్పాలి? చిన్న పాప ఉంది, షిఫ్టుల్లో నిలబడతారా? మూడోది పైకి ఎవరూ అడగరు, మనసులో మాత్రం అనుకుంటారు. అలా అనుకోవడం అన్యాయం. ఈమధ్యే తండ్రి అయిన అబ్బాయి రెజ్యూమె చూసి ఎవరూ ఆ మాట అనుకోరు. కానీ అనుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి, వాళ్లు అడగకముందే జవాబు మీ లెటర్‌లో ఉండటం మీకే మంచిది.

దాని కంటే ముందు, లెటర్ ఎవరు చదువుతారో తెలుసుకోండి. వాక్-ఇన్‌లో ఎవరూ చదవరు. అక్కడ రెజ్యూమె, సర్టిఫికెట్లు, ముఖాముఖి మాట్లాడే నాలుగు నిమిషాలు, అంతే. జాబ్ పోర్టల్‌లో అప్లై చేస్తే ముందు రిక్రూటర్ కీవర్డ్స్‌తో వెతుకుతాడు. హెచ్‌పీఎల్‌సీ, జీసీ (శాంపిల్‌లోని పదార్థాలను వేరుచేసి కొలిచే పరికరాలు), ఎంపవర్ (వాటి డేటా చూసే సాఫ్ట్‌వేర్), స్టెబిలిటీ (మందు ఎంత కాలం చెడకుండా ఉంటుందో చూడటం) లాంటి మాటలు రెజ్యూమెలో ఉంటేనే మీరు లిస్టులోకి వస్తారు, లెటర్ వల్ల రారు. లెటర్‌ను నిజంగా చదివేది రెండు చోట్ల. ఒకటి, ప్రకటనలో ఇచ్చిన ఈమెయిల్‌కు నేరుగా పంపినప్పుడు. రెండు, అక్కడ పనిచేసే సీనియర్ ఎవరైనా మీ మెయిల్‌ను ల్యాబ్ హెడ్‌కు ఫార్వర్డ్ చేసినప్పుడు. మన ఫార్మాలో ఈ రెండో దారిలోనే ఎక్కువ ఉద్యోగాలు దొరుకుతాయి. పాత కంపెనీలో మీతో పనిచేసినవాళ్లు ఇప్పుడు జీడిమెట్ల, బాచుపల్లి, పాశమైలారం, జడ్చర్ల ఇలా ఎక్కడెక్కడో ఉండే ఉంటారు. వాళ్లకు ఉత్త రెజ్యూమె పంపి "కొంచెం చూడండి అన్నా" అంటే వాళ్లు మీ గురించి ఏం చెప్పాలో తెలియక అలాగే ఫార్వర్డ్ చేసేస్తారు. మంచి లెటర్‌తో పంపితే వాళ్ల పని తేలికవుతుంది, మీ మాట మీ మాటగానే పైకి వెళ్తుంది.

అందుకే లెటర్‌ను విడిగా ఫైల్‌గా జత చేయకండి. మెయిల్ బాడీయే మీ లెటర్. ల్యాబ్ హెడ్ దాన్ని మీటింగ్‌కు వెళ్తూ ఫోన్‌లో చదువుతాడు. రెండుసార్లు స్క్రోల్ చేస్తే అయిపోవాలి. నాలుగు చిన్న పేరాలు, రెండు వందల యాభై పదాలకు మించొద్దు.

ఇక మొదటి వాక్యం. మనలో చాలామంది స్కూల్లో నేర్చుకున్న లీవ్ లెటర్ పద్ధతిలోనే ఉద్యోగానికీ రాస్తారు. "తమరికి సవినయంగా విన్నవించుకునేది ఏమనగా" అని మొదలుపెట్టి, "నేను కష్టపడి పనిచేస్తాను, సిన్సియర్, టీమ్‌తో కలిసి పనిచేయగలను, నాకు ఒక అవకాశం ఇవ్వగలరని ప్రార్థిస్తున్నాను" అని ముగిస్తారు. అందులో తప్పుడు ఉద్దేశం ఏమీ లేదు, మర్యాదతో రాసిందే. కానీ అది చదివాక ఆ మనిషి ఏ ఇన్‌స్ట్రుమెంట్ మీద పనిచేశారో కూడా నాకు తెలియదు. పైగా మూడేళ్ల అనుభవం ఉన్న మీరు ప్రార్థించాల్సిన పని లేదు. వాళ్ల ల్యాబ్‌లో ఒక సీటు ఖాళీగా ఉంది, శాంపిల్స్ పెండింగ్ పడుతున్నాయి, డిస్పాచ్ తేదీ దగ్గరపడితే ప్రొడక్షన్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఆ పని చేయగలిగిన మనిషి మీరు. మర్యాదగానే, తలెత్తుకుని రాయండి.

మొదటి పేరాలో ప్రకటనలో వాళ్లు అడిగిన పనిని పట్టుకోండి. ప్రకటనను రెండుసార్లు చదవండి. "స్టెబిలిటీ, ఎంపవర్" అని ఉంటే మీ స్టెబిలిటీ పని ముందు రావాలి. "రా మెటీరియల్, ప్యాకింగ్ మెటీరియల్" అని ఉంటే కార్ల్ ఫిషర్ (నీటి శాతం కొలవడం), ఐఆర్ (పదార్థాన్ని గుర్తించడం), టైట్రేషన్లు, వెట్ కెమిస్ట్రీ ముందు రావాలి. ఒకే లెటర్‌ను అన్ని కంపెనీలకూ పంపితే అది చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మొత్తం మార్చనక్కర్లేదు. మొదటి పేరా, రెండో పేరాలో ఉదాహరణ, ఈ రెండూ మారిస్తే చాలు.

రెండో పేరా మీ లెటర్‌కు ప్రాణం. ఇక్కడే చాలామంది "హెచ్‌పీఎల్‌సీ మీద మంచి పట్టు ఉంది" అని రాసి ఊరుకుంటారు. పట్టు ఉందని మీరు చెప్పకండి, చేసిన పని చెప్పండి. పట్టు ఉందో లేదో మేం తేల్చుకుంటాం. ఏ రకం శాంపిల్స్? అస్సే (మందు ఎంత శాతం ఉందో చూడటం) మాత్రమేనా, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ (మలినాలు) కూడానా? రెసిడ్యువల్ సాల్వెంట్స్ (మందులో మిగిలిపోయిన ద్రావకాలు) హెడ్‌స్పేస్ జీసీ మీద మీరే చేశారా? క్యాలిబ్రేషన్ చేశారా? ఓఓఎస్ (ఫలితం నిర్దేశించిన పరిమితుల్లో లేకపోవడం) వచ్చినప్పుడు ఇన్వెస్టిగేషన్‌లో మీ పాత్ర ఏమిటి? ఇన్‌స్పెక్షన్ జరుగుతున్నప్పుడు ల్యాబ్‌లో ఉండి ఇన్‌స్పెక్టర్ అడిగినదానికి జవాబు చెప్పారా? వీటిలో ఏ ఒక్కటి నిజమైనా, ఆ ఒక్క వాక్యం పది విశేషణాల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

మీ ప్రశ్నలో ఒక మాట దాదాపు దాటేశారు, నాకు అది చాలా ముఖ్యంగా అనిపించింది. నైట్రోసమైన్ (క్యాన్సర్ ప్రమాదం ఉన్న మలినాలు) శాంపిల్స్ కొన్ని చేశానని రాశారు. 2018లో వాల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ బయటపడి, మందులు మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నప్పటి నుంచి ఏపీఐ కంపెనీలతో పాటు ఫార్ములేషన్ కంపెనీలకూ ఈ పని తప్పనిసరి అయింది. అంత తక్కువ స్థాయిలో ఇంప్యూరిటీని కొలవాలంటే గ్లాస్‌వేర్ నుంచి డైల్యుయెంట్ (శాంపిల్‌ను కరిగించే ద్రవం) దాకా ఎంత జాగ్రత్త కావాలో చేసినవాళ్లకు తెలుసు. మీరు శాంపిల్ ప్రిపరేషన్ వరకే చేసి ఉంటే అంతే రాయండి. ఎల్‌సీ-ఎంఎస్ (అతి తక్కువ మోతాదులను కొలిచే పరికరం) రన్ చేసింది వేరేవాళ్లైతే అదీ స్పష్టంగా చెప్పండి. అయినా ఆ వాక్యం లెటర్‌లో ఉండాల్సిందే.

డిసల్యూషన్ సంగతికి వద్దాం. దాచొద్దు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరు నిజం చెప్పిన విషయాల మీద కూడా నమ్మకం పోతుంది. చేయలేదని ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే తేడా మీకు అర్థమైందని చూపించండి. బల్క్‌లో శాంపిల్ తూచి డైల్యుయెంట్‌లో కరిగిస్తే చాలావరకు ప్రిపరేషన్ అయిపోతుంది. టాబ్లెట్‌లో మందుతో పాటు ఎక్సిపియెంట్స్ (మందు కాని ఇతర పదార్థాలు) ఉంటాయి. వాటి మధ్య నుంచి మందును పూర్తిగా బయటికి తీయాలి. సోనికేషన్ టైమ్, ఫిల్టర్, ప్లాసిబో పీక్స్ (ఆ ఇతర పదార్థాల వల్ల వచ్చే సంకేతాలు), ఇలా కొత్త తలనొప్పులు ఉంటాయి. ఈ తేడా తెలిసి అడుగుతున్న మనిషికి నేర్పడం తేలిక అని ల్యాబ్ హెడ్‌కు అనిపించాలి.

అందుకు ఈ వారమే ఒక పని చేయండి. యూఎస్‌పీ (అమెరికా మందుల ప్రమాణాల గ్రంథం) జనరల్ చాప్టర్ 711 చదవండి, డిసల్యూషన్ అదే. బాస్కెట్, ప్యాడిల్ తేడా, 37 డిగ్రీలకు అటూ ఇటూ అర డిగ్రీ మాత్రమే ఎందుకు అనుమతిస్తారు, మొదటి దశలో ఆరు టాబ్లెట్లలో ఏదీ క్యూ (ఆ మందు ఎంత శాతం కరగాలో నిర్దేశించిన అంకె) ప్లస్ 5 శాతానికి తగ్గకూడదు, తగ్గితే రెండో దశలో మొత్తం పన్నెండుకు లెక్క ఎలా మారుతుంది, ఇవి చదివి అర్థం చేసుకోండి. అప్పుడు "711 చదివాను, సూత్రాలు తెలుసు, చేతితో చేసిన అనుభవం లేదు" అని నిజాయితీగా రాయగలరు. చదవకుండా మాత్రం ఆ వాక్యం రాయకండి, ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే.

గ్యాప్ గురించి నా అభిప్రాయం ఖచ్చితంగా ఒకటే. రాయండి, రెండు వాక్యాల్లో ముగించండి. కుటుంబ కారణం వల్ల ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు విరామం తీసుకున్నాను, ఇప్పుడు ఫుల్‌టైమ్ పనికి సిద్ధంగా ఉన్నాను. అంతే. క్షమాపణ అక్కర్లేదు. పాపను పగలు ఎవరు చూసుకుంటారు, అత్తగారు ఉన్నారా, ఇవేవీ రాయొద్దు, అది వాళ్లకు సంబంధించిన విషయం కాదు. షిఫ్టుల గురించి మాత్రం మీరు నిజంగా చేయగలిగింది రాయండి. జనరల్, ఫస్ట్ షిఫ్టులు చేయగలిగితే అవే రాయండి. ఉద్యోగం రావాలన్న టెన్షన్‌లో నైట్ షిఫ్టులకూ సిద్ధమని రాసి, చేరాక చేయలేకపోతే ప్రొబేషన్‌లోనే ఇబ్బంది పడతారు.

గ్యాప్ వల్ల మీకు ఒక లాభం కూడా ఉంది, దాన్ని మీరు వాడుకోవడం లేదు. ఉద్యోగంలో ఉన్నవాళ్లను తీసుకుంటే రెండు మూడు నెలల నోటీస్ పీరియడ్ ఉంటుంది. ఆఫర్ లెటర్ తీసుకుని, దాన్ని చూపించి ఉన్న కంపెనీలోనే జీతం పెంచుకుని రానివాళ్లు ఎంతోమంది. ఖాళీ సీటుతో సతమతమవుతున్న ల్యాబ్ హెడ్‌కు "వారంలో చేరగలను, రిలీవింగ్ లెటర్ నా దగ్గరే ఉంది" అన్న మాట ఎంత విలువైనదో చెప్పలేను. దాన్ని సబ్జెక్ట్ లైన్‌లోనే పెట్టండి.

ఎక్కడ ఉంటున్నారో కూడా ఒక మాట చేర్చండి. ఉప్పల్ అడ్రస్‌తో జడ్చర్ల పోస్టుకు అప్లై చేస్తే, రోజూ ఎలా వస్తారని హెచ్ఆర్ వాళ్లు అక్కడే ఆగిపోతారు. కంపెనీ బస్ రూట్ దగ్గర ఉంటున్నారా, లేక ఆ వైపు ఇల్లు మారడానికి సిద్ధమా, ఏదో ఒకటి స్పష్టం చేయండి.

ఇదంతా కలిపితే లెటర్ ఎలా ఉంటుందో నమూనా ఇస్తున్నాను. మీరు ఇంగ్లీషులోనే పంపాలి, ఇక్కడ వరుస అర్థం కావడానికి తెలుగులో రాస్తున్నాను. మీ ప్రశ్నలో చెప్పని వివరాలు కొన్ని ఊహించి పెట్టాను. వాటిలో మీకు నిజం కానివి తీసేసి, మీ సొంత పని రాయండి.

సబ్జెక్ట్: క్యూసీ ఎగ్జిక్యూటివ్ పోస్టు – హెచ్‌పీఎల్‌సీ, జీసీ, 3 ఏళ్లు – వారంలో చేరగలను

"మీ పాశమైలారం యూనిట్‌లో క్యూసీ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు అప్లై చేస్తున్నాను. స్టెబిలిటీ శాంపిల్స్ హెచ్‌పీఎల్‌సీ అనాలిసిస్, ఎంపవర్ అనుభవం కావాలని ప్రకటనలో ఉంది. ఏపీఐ క్యూసీలో మూడేళ్లు నేను చేసిన ప్రధానమైన పని అదే.

ఫినిష్డ్ ఏపీఐ, స్టెబిలిటీ శాంపిల్స్‌కు అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్, రెసిడ్యువల్ సాల్వెంట్స్ పరీక్షలు చేశాను. నైట్రోసమైన్ అనాలిసిస్‌కు శాంపిల్ ప్రిపరేషన్ చేశాను. చివరి ఏడాది కొత్త ట్రైనీలకు హెచ్‌పీఎల్‌సీ క్యాలిబ్రేషన్ నేర్పే పని నాకు అప్పగించారు. ఒక స్టెబిలిటీ శాంపిల్‌లో తెలియని పీక్ వచ్చినప్పుడు ల్యాబ్ ఇన్వెస్టిగేషన్‌లో పాల్గొన్నాను. గ్లాస్‌వేర్ కంటామినేషన్ కారణమని తేలాక, వాషింగ్ విధానంలో మార్పులకు డ్రాఫ్ట్ రాసింది నేనే.

డిసల్యూషన్, కంటెంట్ యూనిఫార్మిటీ నేను స్వయంగా చేయలేదు. యూఎస్‌పీ 711 చదివాను. ఇంప్యూరిటీ పనిలో వచ్చిన అలవాట్లు, ఎంపవర్, డాక్యుమెంటేషన్ ఇక్కడ వెంటనే ఉపయోగపడతాయి. టాబ్లెట్ శాంపిల్ ప్రిపరేషన్ నేర్చుకోవాల్సి ఉంటుంది.

కుటుంబ కారణం వల్ల 18 నెలలు విరామం తీసుకున్నాను, ఇప్పుడు ఫుల్‌టైమ్ పనికి సిద్ధంగా ఉన్నాను. మియాపూర్‌లో ఉంటున్నాను, జనరల్, ఫస్ట్ షిఫ్టుల్లో పనిచేయగలను. రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్ సిద్ధంగా ఉన్నాయి. మీకు వీలైన రోజు ఇంటర్వ్యూకు రాగలను."

కింద మీ పేరు, ఫోన్ నంబర్. తండ్రి పేరు, కులం, పెళ్లి వివరాలు, "పైన చెప్పినవన్నీ నిజమని ప్రకటిస్తున్నాను" అన్న డిక్లరేషన్, ఇవేవీ లెటర్‌లో అక్కర్లేదు. జీతం ఎంత కావాలో కూడా వాళ్లు అడిగితేనే రాయండి.

మూడో పేరా చూసి, లోపాన్ని మనమే చెప్పుకోవడం ఏమిటని ఇంట్లోవాళ్లు అనొచ్చు. క్యూసీలో అది లోపంగా కనిపించదు. మన ల్యాబుల్లో డేటా ఇంటెగ్రిటీ ట్రైనింగ్‌లో మొదటి రోజు నేర్పేది అల్కోవా (ALCOA) అనే ఐదు సూత్రాలు. పని ఎవరు చేశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, చేసినప్పుడే రాయాలి, అసలు రికార్డు ఉండాలి, సరిగ్గా ఉండాలి. డేటా విషయంలో అబద్ధం చెబితే ఒక అనలిస్టుతో ఆగదు, మొత్తం యూనిట్‌కు నియంత్రణ సంస్థల వార్నింగ్ లెటర్ దాకా వెళ్తుంది. అందుకే అనలిస్టును తీసుకునేటప్పుడు మేం నైపుణ్యం కంటే ముందు చూసేది, తెలియనిది తెలియదని చెప్పగలరా అన్నదే. "చేయలేదు" అని స్పష్టంగా రాసిన లెటర్ ఆ ప్రశ్నకు అక్కడే జవాబిచ్చేస్తుంది.

ఇదే కారణంతో, రుజువు చేయలేని అంకెలు పెట్టకండి. "ఎర్రర్లు 40 శాతం తగ్గించాను" అని ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో ఉంటుంది. ఎప్పటి నుంచి ఎప్పటికి, ఏ రికార్డు ప్రకారం అని మేం అడుగుతాం. జవాబు ఉంటేనే రాయండి.

తేదీలు మరీ జాగ్రత్త. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ ద్వారా పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తారు. చేరిన తేదీ, మానేసిన తేదీ అక్కడ కనిపిస్తాయి. గ్యాప్ తగ్గించి చూపించడానికి నాలుగు నెలలు కలుపుకున్నవాళ్లు ఆఫర్ చేతికొచ్చాక దాన్ని పోగొట్టుకోవడం నేను చూశాను. ఇవాళే మీ సర్వీస్ హిస్టరీ తెరిచి, తేదీలు రిలీవింగ్ లెటర్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ నమోదు చేయకుండా వదిలేసి ఉంటే ముందే సరిచేయించుకోండి.

పాత కంపెనీ రహస్యాలు కూడా లెటర్‌లోకి రాకూడదు. ప్రొడక్ట్ పేరు, కస్టమర్ పేరు, బ్యాచ్ నంబర్, ఇన్‌స్పెక్షన్‌లో దొరికిన లోపాలు, ఏదీ వద్దు. "ఒక బీపీ మందు ఏపీఐ" అంటే మాకు సరిపోతుంది. అక్కడి సంగతులు ఇక్కడ చెప్పిన మనిషి రేపు ఇక్కడివి ఇంకోచోట చెబుతారనే అనుకుంటాం.

చాట్‌జీపీటీ గురించి. వ్యాకరణం సరిచూసుకోవడానికి వాడండి, తప్పులేదు. కానీ లెటర్ మొత్తం దానితో రాయిస్తే మీరు చేయని పనులు కూడా అందంగా అమరిపోతాయి, వాక్యాలు మిగతా అందరి లెటర్ల లాగే ఉంటాయి. మీకు నేను చెప్పే పద్ధతి వేరు. మీరు చేసిన పనిని ముందు తెలుగులో, ఒక స్నేహితురాలికి ఫోన్‌లో చెప్పినట్టు చెప్పుకోండి. దాన్ని రికార్డు చేసి, విని, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మార్చండి. ఒక వాక్యంలో ఒకే విషయం. తెలుగు మీడియంలో చదివిన చాలామంది ఇంగ్లీషు గొప్పగా కనిపించాలని పెద్ద పెద్ద మాటలు వెతుకుతారు. క్యూసీలో మీరు రోజూ రాసే లాగ్‌బుక్ ఇంగ్లీషు చాలు. అది స్పష్టంగా, పొట్టిగా ఉంటుంది. లెటర్ కూడా అలాగే ఉండాలి. ఆఖర్న చాట్‌జీపీటీని తప్పులు మాత్రం చూడమనండి, కొత్త వాక్యాలు చేర్చొద్దని చెప్పండి. ఎస్ఓపీలు (పని విధానాల పత్రాలు), పాత కంపెనీ డాక్యుమెంట్లు మాత్రం అందులో పెట్టకండి.

పంపేముందు అవతలి కంపెనీ పేరు సరిచూసుకోండి. వేరే కంపెనీ పేరుతో వచ్చిన లెటర్లు ప్రతి ప్రకటనకూ కొన్ని ఉంటాయి, అవి అక్కడితో ఆగిపోతాయి. రెజ్యూమె పీడీఎఫ్‌లో, ఫైల్ పేరులో మీ పేరు, "క్యూసీ" అన్న మాట ఉండేలా పెట్టండి. వారం పది రోజులు చూసి జవాబు రాకపోతే, అదే మెయిల్‌కు రిప్లైగా రెండు లైన్లు రాయండి: పోస్టు ఇంకా ఖాళీగా ఉందా, నేను ఇప్పటికీ వారంలో చేరగలను. ఒక్కసారి చాలు. ఆ తర్వాత తెలిసిన సీనియర్ ద్వారా ప్రయత్నించండి.

రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ల్యాప్‌టాప్ ఛార్జీలు అంటూ ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా కట్టకండి. గ్యాప్ ఉన్నవాళ్ల కంగారును చూసే ఇలాంటి ఫోన్లు వస్తాయి. పేరున్న కంపెనీ పేరు చెబుతారు, మెయిల్ మాత్రం మామూలు జీమెయిల్ నుంచి వస్తుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

మీ డ్రాఫ్ట్ రాశాక కంపెనీ పేర్లు, మీ పేరు, నంబర్ తీసేసి ఇక్కడే కింద పెట్టండి. రెండో పేరా ఒక్కటి పెట్టినా చాలు, చదివి ఏం మార్చాలో చెబుతాను.